ముఖం దాచుకున్న చేతులమ్మ

చేతులవలస చిన్న ఊరు. పాతకాలపు మట్టికోట గోడలు అక్కడక్కడ నడుమెత్తున మిగిలి ఉన్నాయి. ఆ గోడల మధ్య, గోపురం లేని చిన్న గుడిలో చేతులమ్మ తల్లి కొలువై ఉన్నది. గర్భగుడిలో కిరీటం కనబడదు, కళ్ళు కనబడవు. నేలలో నుంచి పైకి లేచిన రెండు రాతి అరచేతులు మాత్రమే కనబడతాయి. ఏటా వానలు వెనకబట్టాక, ఆశ్వయుజ పౌర్ణమినాడు, గుడి చుట్టూ చేతిపనుల పండుగ జరుగుతుంది. కుమ్మరులు, నేతగాళ్ళు, కంచరులు, మేదరులు తమ పనితనం తెచ్చి పరుస్తారు. పిల్లాపాపలతో వచ్చిన యాత్రికులు ఖాజాలు తిని, చాటలూ కుండలూ కొనుక్కొని, అమ్మను దర్శించి, ముఖమేదని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు మాత్రం చెవికి ఇంపుగా ఉండేది కాదు.

పూర్వం ఇక్కడ అమ్మవారికి రెండు చేతులూ పైకెత్తిన నిలువెత్తు విగ్రహం ఉండేది. అప్పట్లో ఊరిని మెట్టవలస అనేవారు. పండుగకు వచ్చిన వస్తువులన్నింటిలో మేలైనదాన్ని అమ్మకు సమర్పించి, చేసినవారి పేరును కోట మెట్ల మీద నుంచి మూడుసార్లు పిలిపించడం కోటనేలే దొరగారి ఆచారం.

ఊరికి రెండు కోసుల దూరాన, కొండ కింద నీలయమ్మ అనే మేదరి స్త్రీ ఉండేది. భర్త వెదురు కొట్టబోయి కొండ మీద నుంచి జారిపడి పోయాడు. ఇంట్లో మిగిలింది తానూ, అత్త బంగారమ్మా. బంగారమ్మకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. అయినా కోడలి వేళ్ళ మీద తన వేళ్ళు ఉంచి, దారమంత సన్నని వెదురు ఈనెలతో వేసే అల్లికను ఆమెకు నేర్పింది. ఆ అల్లిక ఇంకెవరికీ రాదు. దానితో నీలయమ్మ వానాకాలమంతా కూర్చుని ఊరేగింపులో అమ్మవారి ఘటం మోయడానికి ఒక బుట్ట అల్లింది. బద్దలు కోసుకుని వేళ్ళు చీరుకుపోయినా పని ఆపలేదు. అందులో నీళ్ళు పోస్తే చుక్క కారేది కాదు.

పండుగనాడు తెల్లవారుతుండగానే నీలయమ్మ బుట్ట నెత్తికెత్తుకొని, అత్త చేయి పట్టుకొని బయలుదేరింది. బంగారమ్మ అంత దూరం నడవలేనిది. కానీ తన చేతి విద్య పేరుకెక్కుతుంటే చెవులారా వినాలని పట్టుబట్టింది.

బుట్టను చూసినవారందరూ ముక్కున వేలేసుకున్నారు. కోట దివాను కూడా చూశాడు. మేదరిదాని పేరు కోట మెట్ల మీద నుంచి పిలవడమేమిటని అతనికి తోచింది. బుట్టను లోపలికి తీసుకుపోయి, అది కోట పనివాళ్ళు అల్లినదనీ, చేయించినవాడు తన బావమరిదనీ దొరకు విన్నవించాడు. దొర అడ్డుప్రశ్న వేయలేదు. మధ్యాహ్నానికి మెట్ల మీద నుంచి ఆ బావమరిది పేరు మూడుసార్లు మోగింది. జీవితంలో ఒక్క ఈనె చీల్చి ఎరుగనివాడి మెడలో పూలదండ పడింది.

మన బుట్టను వాళ్ళు ఇంకా చూడలేదా అని బంగారమ్మ కోడలిని అడిగింది. నీలయమ్మ అత్తను గుడి అరుగు మీద కూర్చోబెట్టి, జనాన్ని ఆపడానికి కట్టిన తాడు దాటి, తిన్నగా దివాను ముందు నిలబడింది. ఆ బుట్ట తనదనీ, అల్లిక తన అత్తదనీ చెప్పింది. దివాను నవ్వి, రెండు కుంచాల గింజలు కొలిపిస్తాను, నోరు మూసుకొని పొమ్మన్నాడు.

"గింజలు నేనడగనేదు బాబూ. పేరు అడిగాను. మాయత్త సెవుల్తో ఇనడానికొచ్చింది" అన్నది నీలయమ్మ.

బంట్లు ఆమెను రెక్క పట్టి ఈడ్చి తాడు అవతల పడేశారు. చుట్టూ వందలమంది ఉన్నారు. ఆ బుట్ట ఉదయం ఎవరి నెత్తిన వచ్చిందో చూసినవారే అందరూ. ఒక్కరూ పెదవి విప్పలేదు.

నీలయమ్మ లేచి దుమ్ము దులుపుకోలేదు. అలాగే గుడిలోకి నడిచి, విగ్రహం ఎదుట నిలిచింది. చేయెత్తి మొక్కలేదు.

"మాయత్తకి కళ్ళు నేవు. నీకేటయింది తల్లీ?" అని అడిగింది.

అంతలో ఘటాన్ని ఆ బుట్టలో పెట్టి లేపబోయారు. ఎనిమిది మంది పట్టినా అంగుళం కదలలేదు. గుడిలో నేల గురగురమన్నది. నిలువెత్తు విగ్రహం పాదాలతో మొదలై కుంగసాగింది. నడుము, భుజాలు, చివరకు ముఖం మట్టిలోకి దిగిపోయాయి. పైకెత్తిన చేతులు మాత్రం మిగిలాయి. పూజారి ఒంటి మీదికి అమ్మ వచ్చి పలికింది.

"చూసి ఊరుకున్న ముఖం నాకు వద్దు. పని చేసిన చేతులు చాలు."

దొర పరుగున వచ్చాడు. జరిగింది తెలుసుకొని తల దించుకున్నాడు. బంగారమ్మను స్వయంగా బుట్ట దగ్గరికి నడిపించి, ఆమె చేతిని దాని మీద ఉంచాడు. ఆమె అంచు పొడవునా వేళ్ళు పోనిచ్చి, ఒకచోట ఆగి, ఇక్కడ నా కోడలికి వేలు తెగింది, ముడి కొంచెం బిగిసింది అని చెప్పింది. అందరూ వంగి చూశారు. ఆ ముడి మీద ఎండిన నెత్తురు మరక ఉన్నది.

దొర దివానునే మెట్లెక్కించాడు. "అల్లినది నీలయమ్మ, నేర్పినది బంగారమ్మ" అని మూడుసార్లు పిలిపించాడు. బంగారమ్మ మూడుసార్లూ విన్నది. ఆ తరువాత ఘటం పువ్వులా లేచింది. కానీ నీలయమ్మ అక్కడితో ఊరుకోలేదు. సంతలో పని పరిచిన ప్రతి ఒక్కరి పేరూ పిలవాలన్నది. పొద్దు వాలేవరకు పిలిచి పిలిచి దివాను గొంతు పూడుకుపోయింది. ఆనాటి నుంచి ఊరికి చేతులవలస అనే పేరు వచ్చింది.

ఇప్పటికీ ఈ పండుగలో ధర ముందు అడగకూడదు. "ఇది ఎవరి చేయి?" అని అడగాలి. చేసినవారు తమ పేరు, నేర్పినవారి పేరు చెబుతారు. అవి విని ఇంటికి తెచ్చుకున్న వస్తువు పదికాలాల పాటు మన్నుతుందని, ఆ ఇంట చేతికి పని, పనికి ఫలం తప్పవని పెద్దల మాట. కొన్నేళ్ళ క్రితం ఎవరో పెద్దమనుషులు తమ ఫొటోలతో గుడి ముందు ఫ్లెక్సీ కట్టారు. మేదరి ఆడవాళ్ళు దాన్ని విప్పి వెదురు బద్దల మీద వాన పడకుండా కప్పుకున్నారు. ఎవరూ తిరిగి అడగలేదు.

దర్శనానికి ఇక్కడ ప్రత్యేక టిక్కెట్టు లేదు. ఎంతటివారైనా వరుసలో ఆగవలసిందే. చూపు లేనివారిని ముందుగా లోపలికి తీసుకువెళ్ళి, వారి చేతులను అమ్మ అరచేతుల్లో ఉంచుతారు. కళ్ళున్నవారి వంతు ఆ తరువాతే.