ముత్యానికో ముడి

షమీమ్‌కి గురువు నోటి నుంచి ఒక్క మాట కావాలి. ‘వెళ్ళొద్దు’ అని.

కూతురు తస్లీమ్‌కి కర్నూల్లో నర్సు చదువుకు సీటొచ్చింది. రేపు ప్రయాణం. పోయిన ఏడాది అదే రోడ్డు మీద బస్సు బోల్తా పడితే ఆ పిల్ల విరిగిన చేత్తో బయటపడింది. చెయ్యి అతుక్కుంది. తల్లి గుండె అతుక్కోలేదు. అప్పట్నుంచి షమీమ్ ఆ పిల్లను వీధి చివరి కొట్టుకు కూడా ఒంటరిగా పంపలేదు.

తల్లి మాట వినకపోయినా తస్లీమ్ హజీరా అమ్మ మాట వింటుంది. గుట్ట మీది దర్గా పక్క గదిలో ఉంటుందామె. పెళ్ళైన కొత్తలో నుంచీ షమీమ్‌కు ఆమే గురువు.

షమీమ్ మెట్లెక్కి వచ్చేసరికి హజీరా అమ్మ పంచలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది.

“శకునం కూడా బాగాలేదమ్మా,” అంటూ షమీమ్ సంచిలోంచి ఒక డబ్బా తీసింది. “తస్లీమ్ వెళ్ళేటప్పుడు మా అమ్మ ముత్యాలు వేసుకుంటానంది. తీసి చూస్తే ఇదీ సంగతి. మీరొక్క మాట వద్దనండి, ఆగిపోతుంది.”

డబ్బాలో ప్లాస్టిక్ కవరు. కవర్లో దూది. దూదిలో హారం, చుట్టూ కలరా ఉండలు. ముత్యాలు పచ్చబడి, జ్వరపడి లేచినవాళ్ళ కళ్ళలా ఉన్నాయి. ఒకటి మాత్రం సున్నపు ముక్కలా తెల్లగా, గరుకుగా ఉంది.

“దీనికేమైంది?”

“నిమ్మచెక్కతో రుద్దాను. మెరుస్తుందేమోనని.”

“ముత్యమనుకున్నావా, ఇత్తడి చెంబనుకున్నావా?”

అంత దిగుల్లోనూ షమీమ్‌కి నవ్వొచ్చింది.

“దాని పై పొర పులుపు తినేసింది. ఇక రాదు. మిగతావి చూద్దాం, ఇటు తే.”

షమీమ్ హారాన్ని ఎత్తింది. ఎత్తీ ఎత్తగానే దారం పుటుక్కున తెగింది. ముత్యాలు పంచంతా దొర్లాయి. దర్గా పిల్లి వాటి వెంట పడింది.

“అయ్యో, చూశారా! ఎవరూ వేసుకోనైనా లేదమ్మా దీన్ని! అమ్మ పోయాక నిన్నటిదాకా ఒక్కసారి కూడా బయటికి తీయలేదు!”

“మీ అమ్మ వేసుకునేదా?”

“రోజూ. పిండి పిసికేటప్పుడు కూడా మెడలోనే.”

“అప్పుడు తెగిందా?”

షమీమ్ పిల్లిని తోలి, ముత్యాలు ఏరడం మొదలుపెట్టింది.

హజీరా అమ్మ పుట్టిల్లు ముత్యాలు గుచ్చేవాళ్ళది. ఆమె ఉల్లి వాసన పోయేదాకా చేతులు కడుక్కుంది. మెత్తటి నూలుగుడ్డను నీళ్ళలో ముంచి గట్టిగా పిండింది. సబ్బు లేదు, సోడా లేదు. ఒక్కో ముత్యాన్నీ పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచి, పొడిగుడ్డ మీద పరిచింది. అవి కొంచెం తేటపడ్డాయి.

“ఇంతేనా అమ్మా?”

“మిగతా మెరుపు ఒంటి మీద ఉంటేనే.”

ఆరాక, పట్టుదారం ఎక్కించిన సూది షమీమ్ చేతికిచ్చింది. షమీమ్ గబగబా గుచ్చుకుంటూ పోయింది. సగం అయ్యాక హజీరా అమ్మ దారం కొస పట్టుకుని, గుచ్చినవన్నీ మళ్ళీ గుడ్డ మీదికి జార్చేసింది.

“ముత్యానికో ముడి వెయ్యి.”

“ముడేస్తే తెగదా అమ్మా?”

“తెగుతుంది.”

“మరెందుకు?”

“తెగినా జారేది ఒకటే. మిగతావి మెడలోనే ఉంటాయి.”

షమీమ్ దారాన్ని ఒకసారి గట్టిగా లాగి చూసింది. తర్వాత మొదటి ముత్యం గుచ్చి, ముడి వేసి, గోటితో దగ్గరకు నెట్టింది. మొదట్లో ముడులు వదులుగా పడ్డాయి. పోనుపోను బిగిశాయి.

“ఈ గరుకుదాన్ని పారేయనా?”

“ఎందుకు? వెనక కొక్కెం పక్కన గుచ్చు. అక్కడ ఎవరు చూస్తారు!”

ఆఖరి ముడి పడే వేళకు తస్లీమ్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. తల్లి ఇక్కడికెందుకొచ్చిందో ఆ పిల్లకు తెలుసు. మొహం కందగడ్డలా ఉంది.

“ఒక్కదానివే వచ్చావా?” అంది షమీమ్.

“ఆఁ, ఒక్కదాన్నే వచ్చా. ఏం కాలేదు కూడా.” తస్లీమ్ గురువు వైపు తిరిగింది. “మీరు కూడా వద్దంటారా అమ్మా?”

హజీరా అమ్మ మళ్ళీ ఉల్లిపాయలు ముందేసుకుంది. “నన్నడుగుతావేమే? కళ్ళు మండి చస్తుంటేనూ. మీ అమ్మనడుగు.”

షమీమ్ దారం కత్తిరించి లేచింది. “ఇలా రా. తిరుగు.”

హారాన్ని కూతురి మెడ చుట్టూ తెచ్చి, వెనక నిలబడి కొక్కెం వెతుక్కుంటూ చెప్పుకుపోయింది.

“అత్తరూ పౌడరూ ముందు. ఇది అన్నిటికంటే ఆఖర్న. స్నానానికి తీసెయ్. చెమట పడితే తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి పెట్టు. ప్లాస్టిక్ కవర్లో కట్టావంటే ఊరుకోను.”

“సరే అమ్మీ.”

“గదికి రాగానే ముందు ఇది తీసి, ఆ తర్వాతే మొహం కడుక్కో.”

తస్లీమ్ కదలకుండా నిలబడింది.

“ఏ గదికి?”

“చెవుడా? హాస్టల్ గదికి,” అంది షమీమ్, కూతురి జడను ముత్యాల మీంచి పక్కకు తీస్తూ.