మణిగిరి రాణి పరిచిన చాప

అనగా అనగా ఏడు సముద్రాలకు ఇవతల మణిగిరి రాజ్యం, దానికి భద్రసేనుడనే రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు సైన్యానికి పెద్ద. నడిమివాడు చతురుడు వేగులకు పెద్ద. చిన్నవాడు ప్రియసేనుడు రాయబారులకు పెద్ద. ముగ్గురికీ చెల్లెలు కనకరేఖ అంటే ప్రాణం.

పెళ్లి నిశ్చయమైన ఆ పిల్లను ధూమకేశుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల దీవిలో రాతిబొమ్మను చేశాడు. వాడి ప్రాణమేమో వాడు పెంచుకునే చిలకలో ఉంది.

ముగ్గురన్నలూ బయల్దేరారు, ఒకరికి తెలియకుండా ఒకరు. గుట్టు కదా మరి! పెద్దవాడి భటులు జాలరి వేషం వేశారు. నడిమివాడి వేగులూ జాలరి వేషమే వేశారు. వీళ్లను చూసి వాళ్లు, వాళ్లను చూసి వీళ్లు మాంత్రికుడి మనుషులే అనుకుని ఒకరినొకరు కట్టేసుకున్నారు. ఆ గోలకు చిన్నవాడు మొదలుపెట్టిన రాయబారం కాస్తా గంగలో కలిసింది. "ఇంకోసారి వస్తే బొమ్మను పొడి చేస్తాను!" అని మాంత్రికుడు అందర్నీ తరిమేశాడు.

ప్రియసేనుణ్ణి వీపున ఎక్కించుకుని సముద్రం దాటిస్తున్న ముసలి తాబేలు కిసుక్కున నవ్వింది. "గుట్టు పగవాడికి తెలియకూడదు గానీ, తోడబుట్టినవాళ్లకు కూడా తెలియకపోతే ఎలా నాయనా?"

ప్రియసేనుడికి సిగ్గుతో తల కొట్టేసినట్లయింది. తిన్నగా తల్లి మాలాంబ దగ్గరికి వెళ్లి, జరిగిందంతా చెప్పాడు.

రాణి సామాన్యురాలా! తలుపులు మూయించి, ఒక్క చాప పరిచి, ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. "రహస్యం ఈ చాప దాటకూడదు. ఈ చాప మీదికి రాని రహస్యం అసలు ఉండనేకూడదు. ఇప్పుడు చెప్పండి. ఎందుకు చేస్తున్నారు? ఎవరికి చేటు? తేడా వస్తే జవాబు ఎవరిది?"

అంతా విని, "చిలకను పట్టండి గానీ, నా మాట లేకుండా చంపకండి. వాడు చస్తే నా బిడ్డకు ప్రాణం పోసేదెవరు?" అంది. ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. ఆ సంగతి ఒక్కడికీ తట్టలేదు!

ఈసారి చిన్నవాడు మాంత్రికుణ్ణి మాటల్లో పెట్టాడు. నడిమివాడి వేగులు చిలకను పట్టారు. పెద్దవాడి భటులు రేవు కాశారు. చిలక కనబడగానే కోపం ఆపుకోలేక రణధీరుడు కత్తి దూశాడు.

"అన్నయ్యా, చాప మీద ఏమనుకున్నాం?" అన్నాడు ప్రియసేనుడు.

కత్తి ఒరలోకి వెళ్లింది. ప్రాణభయంతో మాంత్రికుడు మంత్రం వెనక్కి చదివాడు. రాతిబొమ్మ కళ్లు తెరిచి, "చిన్నన్నయ్యా!" అంది. ప్రియసేనుడు బావురుమన్నాడు.

ఆకాశమంత పందిరి, భూదేవంత అరుగు వేసి కనకరేఖ పెళ్లి చేశారు. చిలక రాణి దగ్గరే జామపళ్లు తింటూ ఉండిపోయింది. మాంత్రికుడు మళ్లీ కిక్కురుమంటే ఒట్టు.

కొన్నాళ్లకు రాజు ఒక వేగువాణ్ణి పిలిచి, చెవిలో ఏదో చెప్పబోయాడు. రాణి చూసి, చాప పరిచింది.

"నేను రాజును కదా!" అన్నాడు ఆయన.

"అందుకే, ముందు మీరే కూర్చోండి" అంది ఆవిడ.

రాజు కూర్చున్నాడు. అలా కూర్చున్నాడు కాబట్టే మణిగిరిని ఇంకా చాలాకాలం చల్లగా ఏలాడు.