రంగం గుడిలో కొబ్బరికాయ

అనగనగా సముద్రానికి అవతల, మనవాళ్ళు రంగం అని పిలిచే బర్మా దేశంలో ఒక ఊళ్ళో, సూరీడమ్మ కొట్టిన కొబ్బరికాయ పగల్లేదు, గుడి గచ్చు పగిలింది.

ఎలాగంటావా, విను. సూరీడమ్మది కాకినాడ పక్క పల్లె. మొగుడు అప్పన్న ధాన్యం మిల్లులో పనికని ఓడెక్కితే, తనూ ఎక్కింది. అక్కడ అప్పన్నకి జ్వరం వచ్చి మూడు వారాలు మంచం దిగలేదు. మిల్లు ముంగిట్లో నిలబడితే కొండమీద బుద్ధుడి గుడి కనిపించేది. తగ్గితే నీకు కాయ కొడతానని అక్కణ్ణించే మొక్కేసుకుంది. తగ్గింది.

అప్పుడు పక్కింటి పైడితల్లిని తోడు తీసుకుని కొండెక్కింది. ఆ గుడి కట్టించింది ఒక కలప వ్యాపారి. దొరల బంగళాలు చూసి ముచ్చటపడ్డాడట. పైన ఏడంతస్తుల టేకు కప్పు, అంతా బర్మా పనితనం. కింద దొరల మేడలకుండే లావుపాటి తెల్ల స్తంభాలు. కిటికీలకి రంగుల అద్దాలు. వాటిలోంచి ఎండ గచ్చుమీద పడితే, నీళ్ళనుకుని సూరీడమ్మ చీర పైకెత్తింది. గచ్చేమో ఇటలీ నించి ఓడలో వచ్చిన పూల పలకలు. నడిమధ్య పాలరాతి బుద్ధుడు, కళ్ళు దించుకుని. ఆయన్ని చూశాక ఇద్దరూ ఊపిరి కూడా మెల్లిగా తీసుకున్నారు.

ఆ తర్వాత మొక్కు గుర్తొచ్చింది. కాయ కొట్టే రాయి ఎక్కడా లేదు. గచ్చుమీదే కొట్టింది. ఒకసారి కొడితే కాయ ఎగిరింది. రెండోసారి దొర్లింది. మూడోసారి ఫెళ్ళుమంది. చూస్తే పలక రెండు ముక్కలై, అంచు కత్తిలా లేచింది.

"ఒదినా, ఎవరూ చూళ్ళేదు. పద," అంది పైడితల్లి.

"కొబ్బరి పీచు చూస్తే మనోళ్ళేనని తెలిసిపోద్ది. రేపట్నించి తెలుగోళ్ళని మెట్లకాడే ఆపేస్తారే," అంది సూరీడమ్మ.

అప్పుడు వెళ్ళి ముసలి భిక్షువుని పిలుచుకొచ్చింది. రేవులో మనవాళ్ళ దగ్గర నాలుగు తెలుగు ముక్కలు నేర్చినాయన. ఆయన పలక చూశాడు, కాయ చూశాడు. ఇక్కడ కాయ నిండుగానే పెడతారనీ, పగలగొట్టరనీ చెప్పాడు. కొడతాననే కదా మొక్కిందని సూరీడమ్మ నసిగింది.

"కొట్టావుగా. పగల్లేదు. పెట్టు," అన్నాడాయన.

పెట్టింది. మరి పలకో? అలాంటిది ఇంకోటి లేదట. ఆ గుళ్ళో అందరూ వట్టికాళ్ళతోనే నడుస్తారు. మామూలు రోజుల్లో చూసుకుని నడుస్తారు సరే, పున్నమికి ఇసకేస్తే రాలనంత జనం, పసిపిల్లలతో సహా. ఎవరి కాలు తెగినా ఆ పాపం తనదే.

ఆ తర్వాత సూరీడమ్మ ఒక్కటే అనుకుంది, అనుకున్నట్టే చేసింది. ప్రతి పున్నమికీ అందరికన్నా ముందే కొండెక్కి, దుప్పటి మడతేసి ఆ పలకమీద కూచునేది. చివరి మనిషి మెట్లు దిగేదాకా లేచేది కాదు. రంగంలో ఉన్న తొమ్మిదేళ్ళూ ఒక్క పున్నమి మానలేదు. నిండు నెలల్లోనూ మానలేదు.

కథేమో ఓడెక్కి కంచికి, నువ్వేమో ముసుగేసి మంచానికి.