జోలపాట ఎవరిది?

అనగనగా, వెన్నెల ఇప్పటికంటే చిక్కగా కాసే కాలంలో, ఏటి ఒడ్డున మంజులపురమనే రాజ్యం ఉండేది.

ఆ రాజ్యంలో ఒక జోలపాట ఉంది. అది వింటే పసిపిల్లలే కాదు, ఏటి అలలు కూడా కళ్లు మూసుకునేవట! పడవ నడిపే సారంగుడు, అతని భార్య వకుళ కలిసి కట్టిన పాట అది. అక్కడి ఆచారం ప్రకారం, చివరి చరణంలో పాట కట్టినవారి పేరు రావాలి. వకుళ మొగుడి మీద ప్రేమ కొద్దీ అతని పేరొక్కటే పెట్టింది. తన పేరు ఊసే మరిచిపోయింది.

కాలం ఒక్కతీరున ఉంటుందా? ఇద్దరికీ పొసగలేదు. పెద్దల ఎదుట విడిపోయారు. పడవ అతనికి, ఇల్లూ పసిపాపా ఆమెకు. పాట కంటికి కనబడదుగా, దాని సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఒక సాయంత్రం వకుళ పాపను ఊయలలో వేసి పాట ఎత్తుకుంది. గుమ్మంలో సారంగుడు ప్రత్యక్షమయ్యాడు.

"ఆపు! చివర ఉన్న పేరు ఎవరిది? నా పాట నువ్వు పాడటానికి వీల్లేదు!"

ఆ రాత్రి పాట లేక పాప కన్ను మూయలేదు. తెల్లవారగానే పాపను చంకనేసుకుని వకుళ రాజుగారి కొలువుకు నడిచింది. రాజు సారంగుడినీ పిలిపించి, ఇద్దరినీ మూడే మూడు ప్రశ్నలడిగాడు.

"పాటలో పేరు ఎవరిది? బాణీ ఎవరిది? మాటలు ఎవరివి?"

"నాది, నాది, నావే మహారాజా!" అన్నాడు సారంగుడు గుక్క తిప్పుకోకుండా.

వకుళ కళ్లు మూసుకుంది. మంచులో తేలే పడవ, తెడ్డు చప్పుడు, ఒళ్లో పాప... అంతా కలలాగా కదిలింది. అబద్ధమాడటానికి ఆమెకు నోరు రాలేదు.

"పేరు ఆయనదే మహారాజా. బాణీ కూడా ఆయనదే, తెడ్డు వేస్తూ కూనిరాగం తీసేవారు. మాటలు మాత్రం నావి. పాపను ఊపుతూ అల్లుకున్నాను."

"అయ్యో పిచ్చితల్లీ, మూడింట రెండు చేజేతులా ఇచ్చేసుకున్నావే!" అని కొలువంతా నవ్వింది.

రాజు నవ్వలేదు. "నష్టమని తెలిసీ రెండుసార్లు నిజం చెప్పిన మనిషి మూడోసారి అబద్ధమాడుతుందా? బాణీ అతనిది, మాటలు ఆమెవి. పాట ఇద్దరిదీ. ఇద్దరిలో ఎవరైనా పాడుకోవచ్చు, ఒకరినొకరు ఆపకూడదు. అబద్ధమాడినందుకు శిక్షగా, కావాలంటే అతని పేరు తీసేయమ్మా" అన్నాడు.

సారంగుడు సిగ్గుతో తల వంచుకున్నాడు.

"వద్దు మహారాజా. పక్కన నా పేరూ చేరిస్తే చాలు. విడిపోయింది మేమిద్దరం, పాట కాదుగా!" అంది వకుళ.

ఆమె అక్కడే పాట ఎత్తుకుంది. చివరి చరణంలో రెండు పేర్లూ వినబడేసరికి సారంగుడి కళ్లు చెమ్మగిల్లాయి. పాప అప్పటికే హాయిగా నిద్రపోయింది.

అందుకే పిల్లలూ, ఎదుటివారి వాటాను నిజాయితీగా ఒప్పుకున్నవారి వాటాను ఎవరూ కాజేయలేరు.