తలరాతకి మూడు కొలతలు

అనగనగా, మన కొండలకి ఎంతో ఉత్తరాన, చైనా దేశంలో ఒక వెదురు అడవి. ఆ అడవిలో లాన్ అనే ఏదుపంది ఉండేది. పేరు విని నవ్వకండి, అక్కడి పేర్లు అలాగే ఉంటాయి. లాన్‌కి ముగ్గురు పిల్లలు. కథ మొదట్లో ముగ్గురే.

వాళ్ళ బొరియ వాగు పక్కన పల్లంలో ఉండేది. వాగు నీళ్ళు పల్లంలోకి రాకుండా మట్టిగట్టు ఒకటి ఉండేది. ఆ గట్టుకి కాపలా పాంగ్ అనే ఎలుగుబంటి. ఎక్కడైనా కన్నం పడితే బంకమట్టితో పూడ్చడం అతని పని. అందుకని ఇంటింటి నుంచీ లేత వెదురు చిగుళ్ళు, తేనె అతని గుహకి వెళ్ళేవి. పాంగ్ తినేవాడు. తిని పడుకునేవాడు. పని మాట మాత్రం ఎత్తేవాడు కాదు. చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

ఒక వానాకాలం ఆ గట్టు తెగింది. నీళ్ళు బొరియల్లోకి దూకాయి. లాన్ ఇద్దరు పిల్లల్ని ఒకరి తర్వాత ఒకర్ని నోట కరుచుకుని ఒడ్డుకి చేర్చింది. మూడోవాడి కోసం వెనక్కి వెళ్ళేసరికి అక్కడ బొరియ లేదు. బురదే ఉంది.

వాన వెలిసాక ఇరుగుపొరుగు ఓదార్చడానికి వచ్చారు.

"ఏం చేస్తాం తల్లీ, వాడి నుదుట అంతే రాసుంది" అంది కుందేలు అత్త.

"ఎవరి రాత వాళ్ళది" అంది అడవికోడి, ఎటో చూస్తూ.

చివరికి పాంగ్ కూడా వచ్చాడు. మూతికి అంటిన తేనె తుడుచుకుని, పెద్ద నిట్టూర్పు విడిచి, "విధి అమ్మా, విధి. ఎవరం మాత్రం ఏం చేయగలం" అన్నాడు.

అదిగో, అప్పుడు లాన్ ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి.

"మామయ్యా, తెగిన గట్టు పూడ్చావా?" అని అడిగింది.

"పూడ్చి ఏం లాభం? రాసుంటే మళ్ళీ తెగుతుంది. రాయకపోతే తెగదు" అన్నాడు పాంగ్, నిమ్మకు నీరెత్తినట్టు.

కొండ మీద మళ్ళీ మబ్బులు కమ్ముతున్నాయి. మిగిలిన ఇద్దరు పిల్లలూ రాతి కింద ముడుచుకుని వణుకుతున్నారు. కుందేలు అత్త లాన్ చెవి దగ్గరికి వచ్చి, "పెద్దవాళ్ళతో మనకెందుకే. పిల్లల్ని తీసుకుని అవతలి కొండకి పోరాదూ" అంది.

"నేను పోతే నా చోట ఇంకొకరు బొరియ తవ్వుకుంటారు. వాళ్ళకీ పిల్లలుంటారు అత్తా" అంది లాన్. అని నేరుగా షూ తాత దగ్గరికి నడిచింది.

షూ తాత ముసలి కొంగ. కొంగ అనగానే దొంగజపం గుర్తొస్తుంది మీకు, నాకు తెలుసు. ఈ కొంగ అలాంటిది కాదు. అడవిలో తగవులన్నీ అతనే తీర్చేవాడు. ఆ తీర్చడానికి ఒక పద్ధతి ఉండేది. చెక్క వంకరో కాదో వడ్రంగి ఊరికే చెప్పడు కదా, దారం పట్టి చూస్తాడు. అలాగే నలుగురూ నమ్మే మాట ఏదైనా సరే మూడు కొలతలు పెట్టి చూడాలి. వెనకటి పెద్దలు అలా నడిచారా? మామూలు జనం కళ్ళూ చెవులూ దానికి సాక్ష్యం చెబుతాయా? ఆ మాట పట్టుకుని నడిస్తే అందరికీ మేలు జరుగుతుందా? మూడింటికీ నిలిస్తేనే అది మాట. లేకపోతే పొల్లు.

తాత అందర్నీ పిలిపించాడు. "గట్టు తెగడం విధి అంటున్నాడు పాంగ్. కొలుద్దాం. మొదటి కొలత, పెద్దలు" అన్నాడు.

పాంగ్ ముందుకొచ్చాడు. "మా ముత్తాత కాలంలోనూ వరద వచ్చింది. నలభై బొరియలు కొట్టుకుపోయాయి. ఎవరైనా ఆపగలిగారా? అదీ విధే."

"ఆ వరద తర్వాత ఏం చేశారు మామయ్యా వాళ్ళు?" అని అడిగింది లాన్.

పాంగ్ తల గోక్కున్నాడు.

"నేను చెప్తాను" అంది లాన్. "నోటితో మట్టి మోసి ఈ గట్టు కట్టారు. విధి అనుకునేవాళ్ళు గట్టెందుకు కడతారు? పెద్దల మాట ఏమిటో ఆ గట్టే చెబుతోంది. నువ్వు దానికి కాపలా ఉండి కూడా వినలేదు."

"రెండో కొలత, జనం కళ్ళూ చెవులూ" అన్నాడు తాత. "విధిని చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? దాని గొంతు విన్నవాళ్ళు?"

ఎవరూ లేవలేదు.

"విధి కంటికి కనబడదు తాతా" అని నవ్వాడు పాంగ్.

"సరే, కంటికి కనబడేదే అడుగుతాను" అంది లాన్. "తెగకముందు గట్టులో కన్నం చూసినవాళ్ళు ఎవరు?"

పాంగ్ ఒక్కొక్కరినీ గుడ్లురిమి చూస్తున్నాడు. అయినా అడవికోడి ముందుకొచ్చింది.

"నేను చూశాను. పదిహేను రోజుల ముందే. గట్టు అడుగున నా కాలు దూరేంత కన్నం. మామకి చెబితే, తేనె తింటున్నాను, తర్వాత రా అన్నాడు."

లాన్ ఆమె వైపు తిరిగింది. "తెలిసి కూడా నా ఇంటికొచ్చి, ఎవరి రాత వాళ్ళది అన్నావా అక్కా?"

"భయమేసింది లాన్. తప్పు నాదే" అంది అడవికోడి.

ఓదార్పట. నిజం గొంతులో దాచుకుని పైపైన చెప్పే ఓదార్పు ఎవరికి కావాలండీ?

"మూడో కొలత, మేలు" అన్నాడు తాత. "విధి అని నమ్మితే ఎవరికి మేలు?"

"మనసుకి ఊరట. అది మేలు కాదా?" అన్నాడు పాంగ్.

"ఊరట నీకు, వరద మాకు" అంది లాన్. "పోనీ, నీ మాటే నిజమనుకుందాం. రేపటి నుంచి నీ గుహకి చిగుళ్ళు పంపం, తేనె పంపం. నీ పొట్ట నిండాలని రాసుంటే అవే నడిచొస్తాయి."

పాంగ్ తటాలున లేచాడు. "అదెలా కుదురుతుంది? ఎవరో ఒకరు మోసుకురావాలి కదా" అని, అంతలోనే నాలుక కరుచుకున్నాడు.

"ఎవరో ఒకరు మట్టి కూడా మోయాలి కదా మామయ్యా" అంది లాన్. "నేను మొదట్నించీ అడుగుతున్నది అదే."

తాత రెక్క ఎత్తాడు. "మాట మూడు కొలతలకీ నిలవలేదు. గట్టు తెగింది విధి వల్ల కాదు, పాంగ్ బద్ధకం వల్ల. ఇక కాపలా పని లాన్‌ది. పాంగ్ మట్టి మోస్తాడు. మోసిన రోజే తింటాడు."

పాంగ్ మోశాడు. కుందేలు అత్త తొక్కి గట్టిపరిచింది. అడవికోడి కన్నాలు వెతికి చూపించింది. లాన్ ప్రతి అడుగూ తన చేత్తో తట్టి చూసింది. పని ముగిసిన మూడో రోజు వాన మొదలైంది. మొదటిదానికంటే పెద్ద వాన. వాగు గట్టు అంచు దాకా పొంగింది. గట్టు మాత్రం కదల్లేదు.

తెల్లారి అందరూ గట్టు మీదికి వచ్చారు. పాంగ్ ఒళ్ళు విరుచుకుని, "ఈసారి మన రాత బాగుంది" అన్నాడు.

లాన్ అతని వైపు చూడలేదు. పల్లంలో ఇద్దరు పిల్లలు ఆడుకుంటున్నారు. మూడోవాడు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"రాత కాదు మామయ్యా, మట్టి" అంది. "ఇదే మట్టి అప్పుడూ ఉంది."

పాంగ్ వంగి ఇంకో తట్ట మట్టి ఎత్తుకున్నాడు.

నీతి: చేయాల్సిన పని చేయనివాడే విధి పేరు ముందుగా ఎత్తుతాడు, ఎంత మెత్తని మాటైనా కొలిచి చూశాకే నమ్మాలి.