గాలిదొర ఎగిరిన సందు

గాలిదొర ఎగరడం లేదు. దర్శకుడు మృత్యుంజయకు వచ్చిన కష్టం అదొక్కటే. కన్నవాళ్లు ఏ ధైర్యంతో ఆ పేరు పెట్టారోగానీ, కొన్నాళ్లుగా అతను బతికే ఉన్నాడని చెప్పడానికి ఖాళీ టీ గ్లాసులు తప్ప వేరే ఆధారం లేదు.

గాలిదొర అంటే ఏ ఊరి జమీందారో కాదు. ఒకప్పుడు వారపత్రికలో వచ్చిన బొమ్మల కథలో వీరుడు. పగలంతా గొర్రెలు కాచుకుంటాడు. ఎక్కడైనా కేక వినబడిందా, గొంగళి భుజాన వేసుకుని గాల్లోకి లేస్తాడు. ఆ కాలపు పిల్లలు మెడకు దుప్పట్లు కట్టుకుని అరుగుల మీద నుంచి దూకి, మోకాళ్లు చెక్కుకుపోయి, అది చాలక తల్లుల చేత తన్నులు కూడా తిన్నారంటే అదంతా ఆ దొరగారి చలవే.

ఆ బొమ్మలు గీసింది సోమలింగం మాస్టారు. చిన్నప్పుడు మృత్యుంజయ ఆయన దగ్గరికి బొమ్మలు నేర్చుకోవడానికి వెళ్లేవాడు. గీత అబ్బలేదు. పకోడీలు తిన్న చేత్తో పుస్తకాలు ముట్టుకున్నందుకు తిట్లు మాత్రం పుష్కలంగా దక్కాయి. బొమ్మల కథకు గడులు గియ్యమంటే ఒకదానికొకటి ఆనించి గీసేసేవాడు. మాస్టారు రబ్బరుతో చెరిపేసి, "సందు వదలరా" అనేవారు. "గడికీ గడికీ మధ్య సందు లేకపోతే దొర ఎటునుంచి పోతాడు?"

పిల్లవాడు బుద్ధిగా తల ఊపి, మళ్లీ ఆనించే గీసేవాడు.

గీత రానివాడు సినిమా తియ్యకూడదని ఎక్కడా రాసిలేదు. కాబట్టి దర్శకుడయ్యాడు. అవగానే మాస్టారి దగ్గరికి వెళ్లి, గాలిదొరను తెర మీదికి తెస్తానని మాట ఇచ్చాడు.

"మీరెలా గీశారో అలాగే తీస్తానండీ. గీతకు గీత. వెంట్రుకవాసి కూడా మార్చను."

"అలాగే కానీరా," అన్నారు మాస్టారు. ఆ గొంతులో కాస్త జాలి వినబడింది. అది తన మీదేనని అతనికి తట్టలేదు.

మాట తప్పలేదు పాపం. గొంగళి నేయించాడు. మీసం బొమ్మలో ఉన్నట్టే కత్తిరించాడు. హీరో రణధీర్ నిలబడితే గాలిదొరే, నడిస్తే గాలిదొరే. లేస్తేనే వచ్చింది తంటా. నడుముకు పట్టా బిగించి, తాళ్లు కట్టి, క్రేనుతో పైకి లాగితే బావిలోంచి చేదుతున్న బిందెలా గిరగిరా తిరిగాడు. పెద్ద పెద్ద ఫ్యాన్లు పెడితే గొంగళి వెళ్లి ముఖానికి చుట్టుకుంది. తాళ్లను కంప్యూటర్లో చెరిపించారు. చెరిపినా అక్కడ తాళ్లు ఉన్నాయని చంటిపిల్లకైనా తెలిసిపోతూనే ఉంది.

"సార్," అన్నాడు రణధీర్ ఒకరోజు పైనుంచే. "నేను ఎగురుతున్నానా, వేలాడుతున్నానా? ఏదో ఒకటి చెప్పండి, దాన్నిబట్టి ముఖం పెడతాను."

చిన్న ముక్క ఒకటి బయటికి వదిలారు. జనం చూసి 'తాళ్లదొర' అని పేరు పెట్టారు. నవ్వినవాళ్లలో, ఒకప్పుడు దుప్పట్లు కట్టుకుని అరుగులు దూకినవాళ్లే ఎక్కువ. మృత్యుంజయకు గుండెలో గుచ్చుకున్నది అదే. మాస్టారికి ఇన్నేళ్లకు మిగిలిన ఆస్తి ఆ ఒక్క దొరే. ఆ దొరను తీసుకెళ్లి నడివీధిలో తాళ్లకు వేలాడదీశాడు తను.

చివరికి నిర్మాత తేల్చి చెప్పేశాడు. "రేపు సాయంత్రానికల్లా వాడు ఎగురుతున్నట్టు నాకు కనబడాలి బాబూ. లేదంటే గుడారం ఎత్తేద్దాం."

మృత్యుంజయ కారు తీసుకుని నేరుగా మాస్టారి ఇంటికి వెళ్లాడు.

ఆయన మేడ మీద గదిలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"రారా తాళ్లదొరా," అన్నారు తల ఎత్తకుండానే.

వేరే రోజైతే ఇతనూ నవ్వేవాడు. ఇవాళ నేల మీద చతికిలబడ్డాడు. "మీ పేరు మంటగలిపానండీ."

"పేరు సంగతి తరవాత. ముందు నాలుగు కాయలు ఒలువు." చేట ఇద్దరి మధ్యకీ జరిపారు. "ఏ బొమ్మ దగ్గర చిక్కుకున్నావు?"

"వరద కథండీ. ఏరు పొంగుతుంది. కొట్టుకుపోతున్న గడ్డివామి మీద ఒక పిల్ల ఉంటుంది. దొర గట్టు మీద నుంచి లేస్తాడు. పేజీ అంతా ఆ ఒక్క బొమ్మే కదా. చేతులు రెండూ ముందుకు చాపి ఉంటాడు. గొంగళి ఎడమపక్కకి విచ్చుకుంటుంది. కింద నీళ్లు నల్లగా సుళ్లు తిరుగుతుంటాయి. కుడికాలి చెప్పు జారిపోతుంటుంది కూడా. ఆ చెప్పు సరిగ్గా జారడానికే ఒక పూటంతా పోయింది నాకు."

మాస్టారి చేతులు ఆగిపోయాయి. "చెప్పు కూడానా?"

"అవునండీ. టైరు చెప్పు."

ఆయన పంచెకు చేతులు తుడుచుకుని లేచారు. మంచం కిందినుంచి నీలం అట్ట పుస్తకం బయటికి లాగారు. అచ్చయిన గాలిదొర కథలన్నీ వరసగా కుట్టించిన పుస్తకం. మృత్యుంజయ చిన్నప్పుడు ఈ గదిలోనే, ఈ నేల మీదే బోర్లా పడుకుని చదివిన పుస్తకం.

"ఏదీ, చూపించు," అన్నారు. "నాకూ చూడాలనుంది."

వరద కథ దొరికింది. ఒక గడిలో దొర గట్టు మీద నిలబడి ఏటివంక చూస్తున్నాడు. కాళ్లకు చెప్పులు రెండూ ఉన్నాయి. పక్క గడిలో గడ్డివామి మీద ఉన్నాడు. పిల్ల అతని భుజాన ఉంది. చెప్పులు అక్కడా రెండూ ఉన్నాయి.

మృత్యుంజయ పేజీ తిప్పాడు. ఊళ్లోవాళ్లు పిల్లకు గంజి తాగిస్తున్నారు. వెనక్కి తిప్పాడు. మళ్లీ గట్టు, మళ్లీ గడ్డివామి.

"పేజీ చిరిగిపోయినట్టుందండీ."

"అంకెలు చూసుకో."

చూసుకున్నాడు. అంకెలు వరసగానే ఉన్నాయి. గడ్డివాముల మంటల కథ తీశాడు, తప్పిపోయిన గొర్రెపిల్ల కథ తీశాడు. దొర ఒక గడిలో నిలబడి ఉన్నాడు, పక్క గడికి చేరుకుని ఉన్నాడు. పుస్తకం చివరికంటా అంతే.

"మీరు... గియ్యలేదా?"

"ఒక్కసారి కూడా లేదు."

"మరి నేను చూశానే మాస్టారూ." గొంతు పిల్లవాడి గొంతులా వచ్చింది. "ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుందే."

"చూశావు. కాదన్నది ఎవరు? ఎక్కడ చూశావో వేలు పెట్టి చూపించు, చాలు."

మృత్యుంజయ మళ్లీ వరద కథ తెరిచాడు. గట్టు మీది దొర మీద వేలు పెట్టాడు. ఇక్కడ కాదు. గడ్డివామి మీది దొర మీద పెట్టాడు. ఇక్కడా కాదు. వేలిని మెల్లగా వెనక్కి జరిపాడు. రెండు గడుల మధ్య సన్నటి తెల్లటి సందు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

అక్కడ ఒక మరక ఉంది. పాత నూనె మరక. చిన్నపిల్లవాడి వేలికొసంత మరక, ఈ గడి అంచునుంచి ఆ గడి అంచుదాకా, మధ్యలో కాస్త పైకి లేచి వంపు తిరిగి ఉంది. ఎన్నిసార్లు రుద్దాడో ఏమో, అక్కడ కాగితం పల్చబడి వెలుతురు ఇటు దిగుతోంది.

మాస్టారు వంగి దాన్ని చూశారు. చాలాసేపు చూశారు.

"పకోడీలు తిన్న చేత్తో ముట్టుకోవద్దంటే విన్నావుటరా," అన్నారు మెల్లగా.

జేబులో ఫోను మోగింది. నిర్మాత. మృత్యుంజయ దాన్ని మోగనిచ్చాడు.

"మరి రేపు నేనేం తియ్యనండీ?"

మాస్టారు తిరిగి చేట దగ్గర కూర్చున్నారు. ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగారు.

"ముందు ఆ తాళ్లకు కట్టిన అబ్బాయిని కిందికి దింపమను. నడుము పోతుంది."

ఫోను ఆగి, మళ్లీ మొదలైంది. మృత్యుంజయ పుస్తకం దగ్గరికి లాక్కుని, ఆ మరక వెంట ఇంకొక్కసారి వేలు పోనిద్దామని చూశాడు. పోలేదు. వేలు పెద్దదైపోయింది, సందులో పట్టలేదు. రెండు గడుల మీదికీ ఒరిగిపోయింది. దాని కింద ఇటు గాలిదొరా కనబడలేదు, అటు గాలిదొరా కనబడలేదు.