మంత్రిగారి అరుగు

చంద్రవంక రాజ్యంలో రాణిగారు ఆడవాళ్ళ కోసం ఒక విద్యాలయం కట్టించి, దాన్ని నడిపే పని చేనేత ఇంటి చెంగమ్మకు అప్పగించారు. మహామంత్రి భైరవయ్యకు ఒళ్ళు మండింది.

"ఇంటి మగవాడు తోడు లేకుండా ఏ ఆడదీ ఆ గడప తొక్కకూడదు" అని శాసనం చేయించాడు. పనులు మానుకుని ఎవడొస్తాడులే అని ఆయన ధీమా.

చెంగమ్మ చేతులు జోడించింది. "మంచి మాట సెలవిచ్చారు. మరి తిరిగి వెళ్ళేటప్పుడో? తోడొచ్చినవాడు ఆ పూట చదువు ముగిసేదాకా బయట అరుగు మీదే ఉండాలని కూడా రాయించండి."

మంత్రి మురిసిపోయి రాయించాడు.

చెంగమ్మ నేరుగా కోటలోకి వెళ్ళి, కొలువులోని పెద్దల ఇళ్ళన్నిటికీ తిరిగి, ఆడవాళ్ళను చదువుకు రమ్మని రాణిగారి పేర బొట్టు పెట్టి పిలిచింది. వద్దనే ధైర్యం ఏ మొగుడికుంటుంది?

మర్నాడు రాజుగారు కొలువుకొస్తే సభలో ఒక్కరూ లేరు. వెతుక్కుంటూ వెళితే సేనాపతితో సహా అందరూ విద్యాలయం అరుగు మీదే ఉన్నారు. మధ్యలో మహామంత్రి, భార్య సద్దిమూట ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడుతున్నాడు.

"ఏమిటిది?" అన్నారు రాజుగారు.

"మంత్రిగారి శాసనం, మహారాజా" అంది చెంగమ్మ. "వీళ్ళు లేకపోయినా రాజ్యం నడుస్తుందంటే అలాగే ఉంచండి."

రాజుగారు నవ్వాపుకుంటూ మంత్రి వైపు చూశారు.

"రేపటి నుంచి ఆడవాళ్ళు ఒంటరిగానే రావచ్చు" అన్నాడు మంత్రి, సద్దిమూట పక్కన పెట్టి.

ఆ విద్యాలయం పెరిగి పెరిగి ఓ ఊరంత అయింది. ఇప్పుడక్కడ పాఠాలు చెప్పేదీ ఆడవాళ్ళే. పాత అరుగును మాత్రం ఎవరూ కదపలేదు. ఎక్కడెక్కడి నుంచో ఒంటరిగా వచ్చే ఆడపిల్లలు మొదట మూట దించుకునేది దాని మీదే.